తపస్సు మాను దిగిన చిన్నబ్బ

ఊరి పేరు మాత్రం అడగవద్దు. తిరుపతికీ చిత్తూరుకూ నడుమ ఎక్కడో ఉందనుకోండి, చాలు. మనుషుల పేర్లు కూడా నేను పెట్టినవే, గిరిప్రసాద్ అనే నా పేరుతో సహా. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. చదవకపోతే మీ ఇష్టం, నేనేమీ బతిమాలను.

చిన్నబ్బ మా యూనివర్సిటీ తోటల్లో పని చేస్తాడు. కొబ్బరిచెట్లకు ఎండుమట్టలు కొట్టడం, కరెంటు తీగల మీదికి వంగిన కొమ్మలు నరకడం, చెట్టెక్కే పని ఏదైనా అతనిదే. సన్నగా, నల్లగా ఉంటాడు. ఎప్పుడు చూసినా ఎక్కడికో పోవలసి ఉన్నట్టే కనిపిస్తాడు. టీ కూడా నడుస్తూనే తాగుతాడు. మా ఆఫీసుకు వస్తే కుర్చీ వీపు పట్టుకుని నిలబడతాడు గానీ కూర్చోడు. "కూసోవయ్యా నాయనా, నిన్ను సూస్తా ఉంటే నాకు కాళ్లు నొప్పులు పుడతా ఉండాయి" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

నేను అదే యూనివర్సిటీలో సాంస్కృతిక విభాగం గుమస్తాను. రాబోయే ఉపన్యాసాలు, శిక్షణలు, నాటకాలు, అన్నిటికీ నోటీసు తయారుచేసేదీ, గోడలకు అంటించేదీ, పేపర్లవాళ్లకు ఫోన్లు చేసేదీ నేనే. ఉపన్యాసానికి పిల్లలు రావాలంటే సర్టిఫికెట్ ఇస్తామని రాయాలి. శిక్షణకు రావాలంటే మధ్యాహ్నం భోజనం ఉందని రాయాలి. నాటకానికి ఏం రాసినా రారు. ఇది నా అనుభవం, దీని మీద నాతో వాదన పెట్టుకోకండి.

ఆఫీసు బయట నేను హార్మోనిస్టును. మా వైపు ధర్మరాజుల గుళ్ల ముందు ఏటేటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, పొద్దుపోయాక నాటకం. అందులో అర్జునుడి తపస్సు ఒక్కటి పట్టపగలే జరుగుతుంది. గుడి ముందు పొడుగాటి తాటిమాను నాటి, మేకుల్లా అడ్డకర్రలు దిగ్గొడతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఒక్కొక్క కర్రా ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తలస్నానం చేసి, తడి బట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. వరపడటం అంటారు దాన్ని. అర్జునుడు పైకి చేరాక వాళ్లు లేచి కొంగు పడతారు. అతను జోలెలోంచి నిమ్మపండ్లు కిందికి వేస్తాడు. నమ్మేవాళ్లు నమ్ముతారు. నమ్మనివాళ్లు కూడా ఆ పూట మాను దగ్గర నోరెత్తరు.

ఆ ఊళ్లో ఏళ్ల తరబడి అర్జునుడంటే చిన్నబ్బే. అతని సొంత ఊరూ అదే. వేషం అంటే రంగు పూసుకుని రావడం కాదు. చేతికి కంకణం కట్టుకున్న రోజు నుంచి గుళ్లోనే పడక, ఒంటిపూట తిండి. తపస్సు రోజు మాను దిగేదాకా పచ్చి నీళ్లు కూడా ముట్టకూడదు. చిన్నబ్బ నిష్ఠ గురించి చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకునేవాళ్లు. చెట్ల మనిషిగా క్యాంపస్‌లో అతన్ని "ఏయ్" అని పిలిచేవాళ్లే ఎక్కువ. భారతం వచ్చిందంటే పెద్దపెద్ద రైతులు లేచి నిలబడి దండం పెట్టేవాళ్లు. అతనికి ఉన్న గౌరవమంతా ఆ మాను మీదే ఉంది.

అయితే ఒక లెక్క ఉంది. పండు పట్టినామెకు కడుపు నిలవకపోతే, మాను ఎక్కినవాడి నిష్ఠలో లోపమైనా ఉండాలి, పట్టినామెలో దోషమైనా ఉండాలి. మూడో మాట లేదు. ఎవరు పెట్టారో ఈ లెక్క, వాడు కనిపిస్తే నేను అడగవలసిన మాటలు చాలా ఉన్నాయి.

పోయిన ఏడాది గుడి ధర్మకర్త కోడలు నవీన వరపడింది. పండు పట్టింది. నెల తప్పింది కూడా. ఊరంతా చిన్నబ్బను మెచ్చుకున్నారు. అయిదో నెలలో ఆ కడుపు పోయింది. చిన్నబ్బ నిష్ఠను వేలెత్తి చూపేవాడు ఊళ్లో లేడు కాబట్టి, లెక్క ప్రకారం దోషం నవీనది అయ్యింది. అత్త చంద్రకాంతమ్మ రచ్చబండ మీదే కాదు, నీళ్ల కొళాయి దగ్గరా, మామిడితోటలో కూలోళ్ల ముందరా అదే మాట అనేది. వచ్చే భారతంలో ఇంకొకసారి చూసి, కాకపోతే కోడల్ని పుట్టింటికి పంపి కొడుక్కి మళ్లీ పెళ్లి చేస్తానని చెప్పేసింది. నవీన మొగుడు మంచివాడే గానీ, అమ్మ మాట్లాడేటప్పుడు సెల్‌ఫోన్ చూసుకునే రకం.

ఈ సంగతి చిన్నబ్బకు చెప్పినవాణ్ని నేనే. కొబ్బరిచెట్టు కింద కత్తి నూరుకుంటున్నాడు. విన్నాడు. కత్తి అక్కడే వదిలేసి గేటుదాకా పోయి తిరిగొచ్చాడు. మళ్లీ పోయాడు.

"నేను తప్పు చేసుంటే బాగుండు గదన్నా" అన్నాడు తిరిగొచ్చి.

"పిచ్చి మాటలు మాట్లాడొద్దు."

"కాదన్నా. నా నిష్ఠ మంచిదయ్యే కొద్దీ ఆ పిల్ల చెడ్డదవుతా ఉండాది."

 జవాబు తోచకపోతే నాకు కోపం వస్తుంది. పని చూసుకోమని కసిరి వచ్చేశాను.

ఇట్లా ఉండగా సుజన మేడం కళల వారోత్సవం పెట్టింది. ఆమె మా విభాగం అధిపతి, మంచి మనిషే, తొందర ఎక్కువ. పొద్దున ఉపన్యాసాలు, మధ్యాహ్నం శిక్షణలు, సాయంత్రం కళారూపాలు. చివరి రోజు సాయంత్రం ఆరుబయట రంగస్థలం వెనకున్న మైదానంలో నిజమైన తాటిమాను నాటి అర్జునుడి తపస్సు చూపించాలని ఆమెకు పట్టుదల. ఇంజినీరు మెట్లున్న ఇనుప చట్రం కడతానన్నాడు. "అర్జునుడు మిద్దె మీదికి పోతా ఉండాడా మేడం, మెట్లెక్కేదానికి" అని చిన్నబ్బే మొహం మీద అడిగేశాడు. చివరికి తాటిమానే వచ్చింది. వేషం లోపల నడుముకు బెల్టు కట్టుకోవాలని ఇంజినీరు పంతం నెగ్గించుకున్నాడు. సైన్సు అధ్యాపకులు కొందరు మూఢనమ్మకాలని అభ్యంతరం చెబితే, పండ్లు మాత్రం వేయకూడదని ఒప్పందం కుదిరింది.

"పండ్లు వేసే పనిలేదు గదా?" చిన్నబ్బ ఆఫీసుకొచ్చి అడిగాడు.

"లేదు. పాడతావు, ఎక్కుతావు, దిగతావు."

"అయితే సరే."

మరుసటి రోజు మళ్లీ వచ్చి అదే అడిగాడు. ఆ మరుసటి రోజూ వచ్చాడు. వారం ముంచుకొచ్చే కొద్దీ అతనికి నిలకడ లేకుండా పోయింది. ఎండుమట్ట ఒక్కటి కూడా లేని చెట్లను ఎక్కి దిగేవాడు. మాను నాటిన చోటికి పోయి చుట్టూ తిరిగేవాడు. కంకణం లేకుండా, ఉపవాసం లేకుండా ఎక్కితే మాను ఒప్పుకుంటుందా అని నన్నడిగేవాడు. మాను మాట్లాడితే కదా ఒప్పుకునేదీ మానేదీ. అతని గోల నాకూ అంటుకుని, నోటీసులో ఉపన్యాసం జరిగే హాలు తప్పు వేసి మేడం చేత మాటలు పడ్డాను.

ఆ నోటీసులో నేను రాసింది ఇది: "అర్జునుడి తపస్సు, తాటిమాను మీద ప్రత్యక్ష ప్రదర్శన. అందరూ ఆహ్వానితులే." పేపర్లో కూడా వచ్చింది. చక్కగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

చివరి రోజు సాయంత్రం పిల్లలు ఫోన్లు పట్టుకుని మైదానం చుట్టూ చేరారు. నేను హార్మోనియం ముందు కూర్చున్నాను. చిన్నబ్బ కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని, వేషం మెడపట్టీకి పిల్లలు తగిలించిన చిన్న కాలరు మైకుతో మాను మొదట్లో నిలబడ్డాడు. ఎక్కడం మొదలుపెట్టాడు. నాలుగు కర్రలు ఎక్కాడో లేదో, గేటు వైపు నుంచి ఆడవాళ్లు వచ్చారు. ఆటోలు దిగి, క్యాంపస్ కొళాయిల దగ్గర తలమీద నీళ్లు పోసుకుని, తడి చీరలతో, పసుపు కుంకుమ పళ్లేలతో నేరుగా మాను దగ్గరికి నడిచొచ్చారు. సెక్యూరిటీ వాళ్లు అడ్డం పోయేలోపలే వరపడ్డారు.

వాళ్ల తప్పేముంది? అర్జునుడు, తపస్సు, మాను అని పేపర్లో వస్తే అది భారతం కాక మరేమిటి. ప్రదర్శన అనే మాట వాళ్లు లెక్కలోకే తీసుకోలేదు. ఆ వరసలో తడి మట్టిలో మొహం పెట్టి పడుకున్న పిల్లను చూసి నా వేళ్లు హార్మోనియం మెట్ల మీద ఆగిపోయాయి. నవీన. పక్కనే పళ్లెం పట్టుకుని చంద్రకాంతమ్మ.

సుజన మేడం మైకు తీసుకుంది. "అమ్మా, ఇది ప్రదర్శన మాత్రమే. ఇక్కడ పండ్లు వేయరు. దయచేసి లేవండి."

"వేయకుంటే మానెందుకు నాటినారు మేడం?" అంది చంద్రకాంతమ్మ. మేడం మైకు దించేసింది.

చిన్నబ్బ అప్పటికే పైదాకా చేరాడు. ఎవరినీ చూడకుండా పద్యం అందుకున్నాడు. చంద్రకాంతమ్మ తలెత్తి, పొలంలో ఇవతలి గట్టు మీంచి అవతలి గట్టుకు పిలిచినట్టు పిలిచింది.

"చిన్నబ్బా, పండు వెయ్యి. పోయిన తూరి నువ్వు నిష్ఠగానే వేస్తివి. నీ నిష్ఠ ఎవురికి తెలీదు? నిలవలేదంటే దోషం ఈ పిల్లలోనే ఉండాది. ఇంగ నెల రోజులకు భారతం వస్తాది, నాకు అంతదాకా కూడా ఓపిక లేదు. ఈడనే సూసేస్తాము. కాకపోతే దాని పుట్టింటికి అంపేస్తా. నలుగురి ముందర చెప్తా ఉండా."

నవ్వుతున్న పిల్లలు నవ్వడం మానేశారు. నవీన మొహం ఎత్తలేదు. ఆమె వీపు మాత్రం ఊపిరికి పైకీ కిందికీ కదులుతోంది.

పద్యం మధ్యలో చిన్నబ్బ ఆగాడు. నేను శ్రుతి వదలకుండా తిత్తి కొడుతూనే ఉన్నాను, అందుకుంటాడేమోనని. అందుకోలేదు. కాలరు మైకులో అతని ఊపిరి మైదానమంతా వినిపించింది.

"చంద్రకాంతక్కా, పోయిన తూరి నేను నిష్ఠగా లేను."



"మాను ఎక్కే ముందర తింటిని. ఆకలికి ఓర్సుకోలేక తింటిని. కడుపు నిలవలేదంటే దోషం నాది. ఆ పిల్లను అనొద్దు."

అబద్ధం. పచ్చి అబద్ధం. పోయిన ఏడాది ఆ పూట నేను అతని పక్కనే ఉన్నాను. పెదాలు పగిలి, మాను మొదట్లో కాలు తూలితే నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. నా చెయ్యి పక్కకు నెట్టి ఎక్కాడు. ఆ మనిషి ఇప్పుడు అందరి ముందూ మైకులో తన బతుకును తానే తీసి కింద పారేస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి "అబద్ధం చెప్తా ఉండాడు" అని అరవబోయాను. అతను పైనుంచి నన్ను చూశాడు. నోరు మూసుకున్నాను.

చంద్రకాంతమ్మ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "నువ్వు తినే రకం కాదు" అంది. "గుళ్లో కాపలా ఉండిన్యారు. నీకు ఎవురు తెచ్చిచ్చినారు?"

చిన్నబ్బకు అబద్ధాలు చేతకావు. మొదటిది ఎట్లాగో చెప్పాడు గానీ రెండోది తయారు చేసుకోలేదు. పైన కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాడు. మైకులో ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. ఇంకొక్క క్షణం అట్లాగే ఉంటే ఆమెకు దొరికిపోతాడు. అతని పరువూ పోతుంది, ఆ పిల్లకూ మిగిలేదేమీ ఉండదు. నాకు అతని మీద కోపం, ఆమె మీద కోపం, ఆ లెక్క పెట్టినవాడి మీద కోపం. ఆ కోపంలోనే నా నోటి నుంచి మాట వచ్చేసింది.

"నేనే తెచ్చిచ్చినా."

ఆమె నా వైపు తిరిగింది. "ఏమి తెచ్చిస్తివి?"

"రెండు ఇడ్లీలు."

ఆమె నన్నూ, పైనున్న చిన్నబ్బనూ మార్చి మార్చి చూసింది. తర్వాత పళ్లెం నేలకేసి కొట్టింది. "ఇద్దరూ కలిసి నా ఇంటి దీపం ఆర్పినారు గదరా" అంది. అని, వంగి కోడలి భుజం పట్టుకుంది. తన కొంగుతో ఆ పిల్ల మొహానికి అంటిన మట్టి తుడిచింది. "లెయ్ తల్లీ, పోదాము. నిన్ను ఎన్ని మాటలన్యానో" అంది. నవీన లేచి నిలబడి, మొదట చిన్నబ్బను, తర్వాత నన్ను చూసింది. అత్త వెంట నడిచిపోయింది. మిగిలిన ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి చీరలు పిండుకుంటూ వెళ్లిపోయారు.

సుజన మేడం సభ ముగిసిందని ప్రకటించింది. చిన్నబ్బ దిగి కిరీటం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇడ్లీ అన్యావే" అన్నాడు మెల్లగా. "ఎట్లాగూ పరువు పోయె. బిర్యానీ అని సెప్పకూడదా?"

నేను నవ్వలేకపోయాను. అతను నవ్వాడు, ఆ నవ్వు సగంలోనే ఏడుపు అయింది. మాను కేసి నుదురు ఆనించి కాసేపు ఏడ్చాడు. నేను పక్కన నిలబడి తిడుతూ ఉన్నాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

ఊరివాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. చిన్నబ్బకు ఇంక వేషం లేదు, నాకు హార్మోనియం లేదు. అర్జునుడికి వేరే ఊరి నుంచి మనిషిని పిలిపించారు. చిన్నబ్బ భార్య మునిరత్నమ్మ మా ఇంటి ముందుకే వచ్చి అడిగింది. "ఆయనకు బుద్ధి లేకుంటే నీకన్నా ఉండొద్దా అన్నా? గుళ్లోకి పోయి కూడు పెడతావా?" నిజం ఆమెకు కూడా అతను చెప్పలేదు. ఒక ఇంట్లో తెలిస్తే కొళాయి దగ్గర తెలుస్తుంది, కొళాయి దగ్గర తెలిస్తే చంద్రకాంతమ్మకు తెలుస్తుంది. నేను తల వంచుకుని ఆమె తిట్లు తిన్నాను. నా సొంత హార్మోనియం ఇంట్లో మూలన గుడ్డ కప్పుకుని కూర్చుంది. సాయంత్రాలు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

ఊళ్లో తపస్సు జరిగిన రోజు చిన్నబ్బ సెలవు పెట్టలేదు. పొద్దున్నుంచీ క్యాంపస్‌లో ఒక చెట్టు దిగడం, ఇంకో చెట్టు ఎక్కడం. లైబ్రరీ ముందున్న చెట్టు మీద ఉండగా నేను పోయి కింద నిలబడ్డాను.

"ఈపాటికి ఎక్కింటాడు గదన్నా" అని పైనుంచి అడిగాడు.

"ఎక్కింటాడు."

"గాలి ఎక్కువుండాది. కొత్తోడు, జాగర్త సెప్పింటారో లేదో."

ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా అతను కుదురుగా లేడు. ఇంట్లో ఉండలేడు, ఊళ్లో నడవలేడు. దండాలు పెట్టిన రైతులు ఇప్పుడు మొహం తిప్పుకుంటారు. "సరే గదన్నా, ఆ పిల్ల బాగుండాది గదా" అని తనకు తానే చెప్పుకునేవాడు. వెంటనే లేచి ఇంకెక్కడికో పోయేవాడు. అతను చేసింది మంచిపనేనని నాకు తెలుసు. అయినా అతన్ని అట్లా చూసినప్పుడల్లా ఆ రోజు నిజం అరిచేసి ఉంటే బాగుండేదని ఒక పక్క అనిపించేది.

తర్వాతి విడత శిక్షణలకు నోటీసు వేశాను. పొలాల్లో డ్రోనుతో మందు కొట్టడం, గ్రామీణ మహిళలకు, మధ్యాహ్నం భోజనం ఉంది. పేర్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లలో నవీన ఉంది. మామిడితోటకు పనికొస్తుందని అత్తే పంపించిందట. బండి మీద తెచ్చి దించింది కూడా మొగుడే.

మైదానంలో శిక్షణ. ఆ తాటిమాను తీసేసిన గుంత ఇంకా పూర్తిగా పూడలేదు. నవీన చేతిలో పెట్టె పట్టుకుని మీటలు కదిలిస్తే డ్రోను కొబ్బరిచెట్ల ఎత్తుకు లేచింది. చిన్నబ్బ గునపం పట్టుకుని గుంత అంచున నిలబడి తల ఎత్తి చూస్తున్నాడు. "నేను ఎక్కే ఎత్తుకు ఆ పిల్ల నేల మింద నిలబడే పోతా ఉండాది సూడు" అన్నాడు నాతో.

భోజనాల వేళ ఆమె మా దగ్గరికి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. చుట్టూ ఎవరూ లేరని చూసుకుంది.

"చిన్నబ్బ మామా, నువ్వు నాకు పండు వేసిన తపస్సు రోజు నేను కూడా పొద్దన్నుంచీ గుళ్లోనే ఉంటిని. ఉపవాసం. నాకు ఎదురుగా స్తంభం దగ్గర కూర్సోని ఉంటివి నువ్వు. నీళ్లు కూడా తాగలేదు. మాను కాడ ఈ అన్న చెంబు తెస్తే తోసేస్తివి. నేను సూసినాను."

చిన్నబ్బ గునపాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"అందరి ముందర ఆ మాట సెప్పేదానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. సెప్పుంటే నీ వేషం నీకు ఉండేది. నేను సెప్పలేదు మామా." ఆమె కళ్లు తుడుచుకుని డబ్బా అతని చేతిలో పెట్టింది. "రెండు ఇడ్లీలు. అప్పుడు తిననివి."

ఆమె వెనక్కి తిరిగి శిక్షణ జరిగే వైపు వెళ్లిపోయింది. చిన్నబ్బ డబ్బా మూత తీశాడు. గునపం పక్కన పెట్టాడు. నేను ఇన్నేళ్లుగా కూర్చోమని చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషి, ఆ గుంత గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఒక ఇడ్లీ నా చేతిలో పెట్టాడు. ఇద్దరం కూర్చుని తిన్నాం.